నవ్వుల చిట్టా రాసేది ఎట్లా? ముందు మన మొహానికే మసి

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు ఒక ఫోను తప్పదు. పదేళ్లుగా పలకరించని మేనత్త కొడుకు ఉన్నట్టుండి చేస్తాడు. వానలు, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయినాక, "అది సరే గానీ బావా, మీరు తిరుపతిలోనే ఉండారు గదా..." అంటాడు. ఆ తర్వాత మాటేందో ఊళ్లో చంటిపిల్లోడినడిగినా చెప్తాడు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయనీ, కొండ కింద ఇల్లున్నంత మాత్రాన కొండమీద మన మాట చెల్లదనీ ఎంత చెప్పినా ఆయన నమ్మడు.

ఫోను పెట్టేసినాక ఇంట్లోవాళ్ల దగ్గర అరగంట సణగొచ్చు. లేదంటే ఒక చిన్న పుస్తకం తీసి ఇట్లా రాసుకోవచ్చు: "బావ ఫోను. టికెట్ అనే మాట దాకా రావడానికి 6 నిమిషాలు. పోయినసారి 4. మన మీద ప్రేమ పెరిగినట్టుంది." ఆ పుస్తకాన్నే ఇక్కడ నవ్వుల చిట్టా అంటున్నాం. అంగడివాళ్లు ఏ రోజు బేరం ఆ రోజు రాసుకునే చిట్టా లాంటిదే. చిట్టాలో పద్దులను ఖాతాలవారీగా విడదీసి రాసే ఆవర్జా కూడా ఉంది, దాని సంగతి చివర్లో.

జూరిచ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇట్లాంటి పనినే పరీక్షించి చూశారు. వారం రోజులు, ప్రతి రాత్రీ ఆ రోజు ఎదురైన మూడు నవ్వు సంగతులు రాయాలి, ఒక్కోటీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. అట్లా రాసినవాళ్లలో సంతోషం పెరిగింది. మేం చెప్పే పద్ధతికి ఆ మూడూ ఆ వారమే పునాది. మిగతాది మన ఊరికీ మన భాషకూ తగ్గట్టు కుదుర్చుకున్నది.

పుస్తకం, వేళ

చొక్కా జేబులోనో చేతిసంచిలోనో పట్టే నోటుపుస్తకం, వంద పేజీలది చాలు. రోజుకు ఒక పేజీ. ఖరీదైన అట్టది కొనొద్దు. అందమైన పుస్తకంలో అందమైన మాటలే రాయబుద్ధవుతుంది, పని అక్కడే చెడుతుంది. ఫోనులో రాయొచ్చా అని అడుగుతారు. పగలు గుర్తు కోసం రెండు మాటలు కొట్టుకోవడానికి సరే. రాత్రి రాతకు మాత్రం వద్దు. మూడో సంగతి గుర్తుచేసుకునే లోపలే వాట్సాప్ పిలుస్తుంది, తొమ్మిదికి పట్టుకున్న ఫోను పదకొండుకు గానీ చేతిలోంచి దిగదు.

రాత్రి అన్నం తిన్నాక, పక్క పరిచే లోపల ఏడెనిమిది నిమిషాలు. పొద్దున్నే రాస్తామంటే కుదరదు. జరిగింది గుర్తుంటుంది గానీ అన్న మాట ఎగిరిపోతుంది. నవ్వు ఉండేదేమో ఆ మాటలోనే.

పద్దులో ఏముండాలి

ఒక్కో పద్దుకు నాలుగు ముక్కలు. ఎక్కడ, ఎన్ని గంటలకు. ఎవరు ఏమన్నారు, వాళ్ల నోటిమాటల్లోనే. మనం ఏమనుకుంటే ఏమయింది. మనకే ఎందుకు నవ్వొచ్చింది. నాలుగోదాన్ని చాలామంది ఎగ్గొడతారు, తీరా మనిషికి పనికొచ్చేది అదే.

చెడిపోయిన పద్దు ఇట్లా ఉంటుంది: "అలిపిరి మెట్లు ఎక్కుతుండగా ఒక వృద్ధురాలు తన మనవడితో ఎంతో హాస్యంగా మాట్లాడారు. అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం." నెల తర్వాత చదివితే ఆమె ఏమందో ఏడుకొండలవాడికే ఎరుక.

అదే సంగతి సరిగ్గా రాస్తే:

"శనివారం, పొద్దున 6. గాలిగోపురం ఇంకా రాలేదు. మనవడు మెట్లు లెక్కపెట్టే చేతిగడియారం చూసుకుంటా మెట్టు మీద కూలబడినాడు. అవ్వ మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడతా వచ్చి వాడి దగ్గర ఆగింది. 'ఎన్నయినాయంట నాయనా?' 'తొమ్మిదొందలంట అవ్వా.' 'అయితే నువ్వు కూచో, దాన్ని ఎక్కమను.' నేనూ అప్పుడు గడియారమే చూసుకుంటా ఉండా. అందుకే ముందు ఉలిక్కిపడి, తర్వాత నవ్వినా."

మొత్తం 3,550 మెట్ల దారిలో తొమ్మిదొందల దగ్గరే కూలబడినాడని రాయాల్సిన పని లేదు, అంకె ఆ పని చేసేసింది. అవ్వ మాటలో వరస కూడా గమనించండి. "దాన్ని ఎక్కమను, నువ్వు కూచో" అన్నా అర్థం అదే. కానీ నవ్వు ముందే వచ్చిపోయి, వెనక ఒక తోక మిగులుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి దెబ్బ చివరికి దాచుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన వసతి. దాన్ని వాడుకోవాలి. ఆ మాట తర్వాత "అనేసరికి అందరూ నవ్వారు" అని ఇంకో వాక్యం తగిలించడం సాంబారులో మళ్లీ నీళ్లు పోయడమే.

యాస దిద్దొద్దు. "యాడికి పోతా ఉండావు సామీ" అన్నది "ఎక్కడికి వెళ్తున్నారు స్వామీ" అయితే మనిషి పోయి పత్రికా ప్రకటన మిగులుతుంది.

సరుకు దొరికే చోట్లు

జోకుల కోసం వెతికితే చిట్టా రెండో రోజుకే ఎండిపోతుంది. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త జనం మసిలే చోట్ల చెవి ఒగ్గి, మామూలు మాటల మధ్య వచ్చిన 1,200 నవ్వులను నమోదు చేయించాడు. వాటిలో జోకులాంటి మాట వెనకాల వచ్చినవి నూటికి పది ఇరవైకి మించలేదు. మిగతావన్నీ "సరే, నేను పోయొస్తా" లాంటి సాదా మాటల వెనక వచ్చినవే. మనుషులు కలిసి ఉండడం వల్ల వచ్చే నవ్వులన్నమాట. కాబట్టి నలుగురు కూడే చోటు చూసుకోవాలి.

ఆ మాటకొస్తే తిరుపతికి మించిన చోటు ఉందా? మూడు నాలుగు భాషలు ఒకే టీకొట్టు దగ్గర తాకుతుంటాయి. తమిళంలో "సొల్లు" అంటే చెప్పు అని. మనకు సొల్లు అంటే పనికిరాని వాగుడు. ఆటో అన్న దారి వివరిస్తుంటే, చెంగల్పట్టు నుంచి వచ్చిన పెద్దాయన మామూలుగానే "సొల్లు, సొల్లు" అంటుంటాడు. ఆటో అన్న మొహంలో రంగులు మారతాయి. "రూములుండాయా?" అని మనం అడిగితే లాడ్జి తమిళాయన "ఇల్లె" అంటాడు. లేవని ఆయన భావం. మన చెవికి మాత్రం ఇల్లే ఇస్తానంటున్నట్టు వినపడుతుంది. చిత్తూరు వైపు రెండు భాషలూ ఇంట్లోనే మాట్లాడుకునేవాళ్లకు ఇట్లాంటివి వారానికి అరడజను తేలిగ్గా దొరుకుతాయి.

కల్యాణకట్ట బయట ఒక పది నిమిషాలు నిలబడినా చాలు. ఇంటిల్లిపాదీ గుండ్లు చేయించుకుని, గంధం పూసుకుని వస్తారు. చంకలోని బిడ్డ తండ్రి గుండును చేత్తో తడిమి, మొహం చూసి, అనుమానంగా తల్లి కోసం వెతుకుతుంది. తల్లికీ గుండే. ఆ బిడ్డ ఏ గొంతు విని ఊరుకుందో రాయండి, పద్దు పూర్తయినట్టే.

చిరాకు పుట్టించే వాటికి వేరే కిటుకు ఉంది: లెక్కపెట్టడం. బావ ఫోనులో నిమిషాలు లెక్కపెట్టినట్టే, రైల్వే గేటు పడినప్పుడు హారన్లు లెక్కపెట్టండి. గేటు కదలదని తెలిసీ ఎవరు ఎన్నిసార్లు కొట్టారో చూడండి. పెళ్లిలో "సంబంధాలు చూస్తా ఉండారా?" అనే ప్రశ్న ఎన్నోసారికి పడిందో వేళ్ల మీద ఎంచండి. లెక్క మొదలుపెట్టగానే మనం దెబ్బ తినేవాళ్ల వరసలోంచి చూసేవాళ్ల వరసలోకి జరుగుతాం. ఎనిమిదోసారి అడిగితే బాగుండునని కూడా అనిపిస్తుంది. ఒక హెచ్చరిక: లెక్క మనసులోనే ఉండాలి. "అత్తా, ఇది మీకు ఏడోది" అని పైకి అంటే ఆ పెళ్లిలో రెండో గొడవ మొదలవుతుంది.

ఎక్కడ చెడుతుంది

వాట్సాప్‌లో వచ్చిన జోకు రాయడం మొదటి తప్పు. అది మనకు జరిగింది కాదు, కొట్టేయండి. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో నవ్వుల క్లబ్బు పెట్టినప్పుడు కూడా మొదట జోకులే చెప్పుకునేవాళ్లు. రెండు వారాలకే మంచివి అడుగంటి, ఒకరిని కించపరిచేవీ బూతువీ మిగిలాయి. అప్పుడే ఆయన జోకులు మానిపించి, ఊరికే నవ్వే పద్ధతిలోకి మార్చాడు. తెచ్చుకున్న సరుకుకు అడుగు త్వరగా కనపడుతుంది.

దీనికంటే పెద్ద తప్పు, చిట్టా కాస్తా ఎదుటివాళ్ల తప్పుల పట్టికగా మారడం. పనిమనిషి మాట, వాచ్‌మన్ నడక, తోడికోడలి వంట. రాసేటప్పుడు తియ్యగా ఉంటుంది, నెల తిరిగేసరికి మనిషి మరింత పుల్లబడతాడు. ఒకటే పరీక్ష: ఈ పద్దును ఆ మనిషి ఎదుట చదవగలమా? చదివితే తను కూడా నవ్వుతాడా? లేదంటే చించేయండి. కులం, ఒళ్లు, నత్తి, పేదరికం అసలు పద్దుకే ఎక్కకూడదు.

ఈ కొలత ఈ ఊరికి తెలియనిది కాదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వారం పాటు వేషాలు కడతారు. బైరాగి వేషానికి తెల్ల నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. వేషం కట్టినవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఒకటి చూడండి. బొగ్గు ముందు తన ఒంటికి పూసుకుంటాడు, తర్వాతే పక్కవాడి జోలికి పోతాడు. పైగా జాతర అయిపోతే ఆ చనువూ కడుక్కుని పోతుంది. చిట్టాకూ అదే కొలత పెట్టండి: రోజుకు మూడు పద్దుల్లో ఒకటి మన మీద మనం రాసుకున్నదై ఉండాలి. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది, ఫోనులో మాట్లాడుతూనే "నా ఫోను కనపడలేదు" అని ఆ ఫోనులోనే చెప్పింది, పిల్లోడిని ఫోను చూడొద్దని తిడుతూ కన్ను మన ఫోను మీదే పెట్టింది. వీటికి కొదవ ఏ ఇంట్లోనూ ఉండదు.

మొదటి మూడు రోజులు ఏమీ దొరకడం లేదనిపిస్తుంది. అప్పుడు ఒక్కటే రాయండి, ఉన్నదాన్ని సాగదీయొద్దు. చావు కబురు వచ్చిన రోజు, ఆసుపత్రి రోజు పేజీ ఖాళీగా వదిలి తేదీ మాత్రం వేయండి. ఒకవేళ రెండు వారాలు దాటినా దేనికీ నవ్వు రాక, నిద్రా తిండీ తప్పి, బతుకు మీదే విసుగు పుడుతుంటే అది చిట్టాతో తీరేది కాదు. డాక్టరును కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

వారం తర్వాత

ఏడు రోజులు అయినాక రోజూ రాయడం ఆపేయొచ్చు. రోజూ ఊరిబిండి పచ్చడే అయితే నాలుకకు రుచి తెలియనట్టే ఇదీ చప్పబడుతుంది. కృతజ్ఞతలు రాసుకునే పద్ధతి మీద కాలిఫోర్నియాలో సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం చేసిన పరీక్షలోనూ, వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు కనపడింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనపడలేదు. కాబట్టి రాత్రి రాతను వారానికి ఒకటి రెండు రోజులకు దించండి. పగటిపూట రెండు మాటల గుర్తు మాత్రం మానొద్దు, చెవి మొద్దుబారకుండా కాపాడేది అదే.

ఆదివారం రాగిసంకటి తిన్నాక అందరూ కూచున్నప్పుడు ఒక పద్దు చదవండి. ఒక్కటే. ముందుగా మన మీద రాసుకున్నదే చదవాలి, అప్పుడే అత్తగారూ ఆమె సంగతి ఒకటి బయటపెడతారు. "మంచి తమాషా చెప్తా వినండి" అని మొదలుపెట్టొద్దు. ఆ మాటతో వినేవాళ్లు చేతులు కట్టుకుని పరీక్షాధికారులైపోతారు. అర నిమిషంలో ముగించాలి. ఎవరూ నవ్వకపోతే వివరించకుండా చెనిక్కాయల గిన్నె అందించండి.

నెలాఖరున ఆవర్జా. చివరి పేజీలో మూడు గళ్లు గీయండి: నా మీద, ఇంట్లోవాళ్ల మీద, బయట. ఒక్కో పద్దును ఒక్కో గడిలోకి ఎక్కించి ఎంచండి. "నా మీద" గడి మూడో వంతుకు తగ్గితే వచ్చే నెల మొదటి వారమంతా ఆ గడికే రాయండి. తర్వాత నాలుగో ముక్కలు, అంటే ఎందుకు నవ్వొచ్చిందో రాసుకున్నవి మాత్రమే వరసగా చదవండి. ఒకే కారణం మూడుసార్లు కనపడితే దాని కింద గీత గీయండి. "నేనూ గడియారమే చూసుకుంటా ఉండా" అనేది మూడు వేషాల్లో మూడుచోట్ల కనపడిందనుకోండి, వచ్చే శనివారం గడియారం ఇంట్లో పెట్టి మెట్లెక్కండి. ఎన్నయినాయో అవ్వలనడగండి.