గ్రనాడాలో నాలుగు రోజులు: ముందు కోట టికెట్, తర్వాతే విమానం టికెట్

స్పెయిన్ అనుకోగానే చెయ్యి విమానం రేట్ల మీదికే పోతుంది. గ్రనాడా విషయంలో అది తలకిందుల లెక్క. ఆ ఊరు వెళ్లేదే అలాంబ్రా కోట కోసం. ఆ కోటలో అసలు సరుకు నస్రీ వంశపు సుల్తానుల రాజభవనాలు. వాటిలోకి అరగంటకి ఇంతమందేనని లెక్కపెట్టి వదులుతారు. తిరుమల మూడు వందల టికెట్ కోసం నెలల ముందే ఫోన్ పట్టుకుని కూర్చుంటామే, సరిగ్గా అదే పద్ధతి. విమానాలు, హోటళ్లు, రైళ్లు అన్నీ కొనేసుకుని ఆఖర్న కోట టికెట్ చూస్తే ‘అయిపోయాయి’ అని కనిపిస్తుంది. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వారాల ముందే అయిపోవడం అక్కడ మామూలు. అందుకని ప్రయాణం మొత్తాన్నీ ఆ ఒక్క అరగంట చుట్టూ అల్లుకోవాలి.

పేర్ల సంగతి ఇక్కడే తేల్చేద్దాం. స్పానిష్‌లో ‘హ’ రాస్తారు గానీ పలకరు, కాబట్టి ఆల్హంబ్రా అని చదివేది అక్కడివాళ్ల నోట అలాంబ్రా. టికెట్ మీద ‘జనరల్ లైఫ్’లా కనిపించేది హెనెరలీఫే. బీమా పాలసీ కాదది, సుల్తానుల విడిది తోట.

ఏ నెల

మన బడులకి వేసవి సెలవులిచ్చే ఏప్రిల్ ఆఖరు, మే నెల అక్కడ హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలే. మన ఉక్కపోత ఉండదు, చెమట పట్టినా వెంటనే ఆరిపోతుంది, దాంతో నీళ్లు తాగాలని తోచదు, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, పక్కనే సియెర్రా నెవాదా మంచుకొండలు. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. అరకు కోసం కొన్న స్వెటర్ సరిపోదు.

దసరా రోజులు కూడా మంచివే. విజయనగరంవాళ్లు పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడకుండా ఊరు దాటరు. అది విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, కాబట్టి బుధవారం బయల్దేరేలా చూసుకోండి. ఒక్క చిక్కు. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 14 వరకు కోట రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది, అక్టోబర్ 15 నుంచి మార్చి 31 వరకు సాయంత్రం 6కే మూసేస్తారు. దసరా ఆలస్యంగా వచ్చిన ఏడాది ఈ రెండు గంటల తేడా తెలుస్తుంది. తెరిచేది మాత్రం ఎప్పుడూ ఉదయం 8:30కే. డిసెంబర్ 25, జనవరి 1 సెలవు. ఈస్టర్‌కి ముందు వారం ఊరంతా ఊరేగింపులు, గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి. ప్రత్యేకంగా ఆ ఊరేగింపులే చూడాలనుకుంటే తప్ప ఆ వారం వదిలేయండి.

పాస్‌పోర్టు, వీసా, మన పేర్లు

ముందు పాస్‌పోర్టు తీసి చూడండి. షెంజెన్ దేశాల (స్పెయిన్‌తో పాటు ఒకే వీసాతో తిరగ్గలిగే యూరప్ దేశాలు) నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత ఇంకా కనీసం 3 నెలలు చెల్లాలి, ఇచ్చి 10 ఏళ్లు దాటి ఉండకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. గడువు దగ్గర పడితే విశాఖ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో కొత్తది తీసుకున్నాకే కోట టికెట్ కొనండి. కారణం ఉంది. కోట టికెట్‌ని పాస్‌పోర్టు నంబరుతో ముడిపెడతారు. కొత్త పాస్‌పోర్టు వస్తే నంబరు మారిపోతుంది. మన నంబరు ఒక అక్షరం, ఏడు అంకెలు. మొదట్లో ఉండేది అక్షరమే, ఆ తర్వాత కనిపించే గుండ్రటిదల్లా సున్నా.

పేరు దగ్గర ఇంకో తంటా. ఫారంలో పేరు ఒక గడి, ఇంటిపేరు రెండు గళ్లు కనిపించొచ్చు. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ రాసుకుంటారు, రెండో గడి వాళ్ల అలవాటు కోసం. అది మనకి అక్కర్లేదు. పాస్‌పోర్టులో ‘అప్పల నాయుడు’ అని విడివిడిగా ఉంటే విడివిడిగానే కొట్టండి, ఆధార్‌లో కలిపి ఉంది కదా అని కలపొద్దు. పొడి అక్షరాలు వద్దు. కోట టికెట్, వీసా దరఖాస్తు, విమానం రిజర్వేషన్, బీమా నాలుగింటిలోనూ ఒకే వరస ఉండాలి.

స్పెయిన్ వీసా దరఖాస్తులు బీఎల్ఎస్ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాల ద్వారా వెళ్తాయి, మనకి హైదరాబాదే వీలు. రుసుము పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45, ఆరేళ్లలోపు ఉచితం, కేంద్రం సేవా రుసుము వేరు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, 15 రోజుల ముందు వరకే గడువు. ఆ ఆఖరి గడువుని నమ్ముకోకండి, సీజన్లో అపాయింట్‌మెంటే దొరకదు. వేలిముద్రలకి మనిషి స్వయంగా వెళ్లాలి. ఉదయం అపాయింట్‌మెంట్ పెట్టుకుని ముందురాత్రి శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కడం జూదమే, ఒకరోజు ముందే చేరండి.

బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వారం కిందట హఠాత్తుగా వచ్చిపడ్డ లక్షలు మేలు చేయవు, అనుమానం పెంచుతాయి. పిల్లలు అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఖర్చు ఎవరు పెడుతున్నారో ఉత్తరం, ఆ పెట్టేవాళ్ల ఆదాయం కాగితాలు జతచేయాలి. వీసా రాకముందు డబ్బు కట్టిన విమానం టికెట్ అక్కర్లేదు, రిజర్వేషన్ చాలు. హోటళ్లు రద్దుకి వీలున్నవే తీసుకోండి. అంటే వీసా చేతికి రాకముందు నిజంగా డబ్బు పెట్టాల్సింది వీసా రుసుము, బీమా, కోట టికెట్. ఆ టికెట్ మనిషికి ఇంచుమించు 20 యూరోలు. వీసా రాకపోతే అది పోతుంది, పోనివ్వండి. ఆ భయంతో ఆగితే పోయేది ప్రయాణమే.

ఆ అరగంట

టికెట్లు కోట నిర్వహణ సంస్థ అధికారిక సైటులోనే కొనండి. వెతికితే మొదట కనిపించేవి చాలావరకు మధ్యవర్తులవి. కావలసింది ‘జనరల్’ టికెట్. అందులో నస్రీ భవనాలు, అల్కసాబా అనే సైనిక దుర్గం, హెనెరలీఫే మూడూ వస్తాయి. ‘తోటలు’ అని తక్కువ ధరకి కనిపించే టికెట్‌లో నస్రీ భవనాలు ఉండవు. చవగ్గా ఉందని అది కొని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరగడం కంటే బాధ లేదు. 12 ఏళ్లలోపు పిల్లలకి డబ్బు లేదు గానీ వాళ్ల పేరా టికెట్ మాత్రం తీసుకోవాలి.

టికెట్ మీద 9:00 అని ఉంటే 9:00 నుంచి 9:30 లోపు నస్రీ భవనాల గుమ్మం దాటాలి. దాటాక ఎంతసేపైనా ఉండొచ్చు, బయటికొస్తే మళ్లీ రానివ్వరు. ఆలస్యమైతే బతిమాలినా లాభం లేదు. తోటల్లో పడి సమయం మరిచిపోవడం వల్లే ఇది జరుగుతుంది. హెనెరలీఫే నుంచి నస్రీ గుమ్మానికి 15 నుంచి 20 నిమిషాల నడక, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అరగంట అనుకోండి.

ఏ సమయం మంచిది? మనకైతే పొద్దున్నే, 8:30 లేదా 9:00. వేసవిలో స్పెయిన్ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. కొత్తలో అక్కడ తెల్లవారుజాము 4 గంటలకే మెలకువ వచ్చేస్తుంది. ఆ మెలకువని వాడుకోండి. అదే కారణంగా రాత్రి 10 గంటల ప్రత్యేక సందర్శన మొదటి రెండు రోజుల్లో పెట్టుకోవద్దు, అప్పుడు మన ఒంటికి ఒంటిగంటన్నర. జనరల్ టికెట్లు అయిపోయినప్పుడు మాత్రం ఈ రాత్రి టికెట్టే ఆదుకుంటుంది. రాత్రి నస్రీ భవనాలు, మర్నాడు పగలు తోటల టికెట్, రెండూ కలిపితే దాదాపు అంతా చూసినట్టే. రద్దయినవి మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి కనుక రోజూ ఓసారి సైటు తెరిచి చూస్తుండండి.

9:00 టికెట్ ఉన్నవాళ్లు హెనెరలీఫే పక్కనున్న పెద్ద ప్రవేశం దగ్గర దిగనక్కర్లేదు. న్యాయద్వారం గుండా తిన్నగా ఐదో చార్లెస్ భవనం పక్కకి చేరుకోవచ్చు, నస్రీ వరస అక్కడే మొదలవుతుంది. ఇసాబెల్ లా కతోలికా కూడలి నుంచి సీ30, సీ32 చిన్న బస్సులు కొండెక్కుతాయి. అసలు పాస్‌పోర్టు జేబులో ఉండాలి, అడుగడుగునా చూస్తారు. 40 సెంటీమీటర్లు దాటిన సంచి లోపలికి రానివ్వరు.

లోపల పరుగు పెట్టకండి. 1238లో మొదలైన నస్రీ వంశం 1492 జనవరి 2న ఊరు అప్పగించేదాకా కట్టుకుంటూ వచ్చిన భవనాలివి. రాయబారుల సభలో తలెత్తండి, పైకప్పు 8,017 చెక్కముక్కల కూర్పు, నక్షత్రాల ఆకాశంలా. సింహాల ప్రాంగణంలో 12 రాతి సింహాలు, చుట్టూ 124 స్తంభాలు. సింహాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు దూరానికి అనిపిస్తాయి. దగ్గరగా చూస్తే ముఖాలు, జూలు దేనికదే వేరు. పైనున్న తొట్టె అంచు చుట్టూ చెక్కింది ఇబ్న్ జమ్రక్ కవిత్వం. శ్రీముఖలింగం గోడల ముందు గంటలు గంటలు నిలబడే కళ్లకి ఇక్కడ కావలసినంత పని. తేడా ఏంటంటే అక్కడ రాతిలో దేవతలు, ఇక్కడ గోడల నిండా అక్షరాలు. చాలావరకు రాయి కూడా కాదు, చెక్కిన సున్నపు గార. చెయ్యి తగిలితే అరిగిపోతుంది, ముట్టుకోకండి.

భవనాల తర్వాత అల్కసాబా, ఆఖర్న హెనెరలీఫే. మొత్తం నాలుగు గంటలు. అల్కసాబా బురుజు మెట్లు ఇరుకు, పెద్దవాళ్లని కింద నీడన కూర్చోబెట్టండి.

రాకపోకలు, బస

మన దేశం నుంచి గ్రనాడాకి నేరుగా విమానం లేదు. విశాఖ నుంచి హైదరాబాదో ఢిల్లీయో, అక్కడి నుంచి గల్ఫ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా మాడ్రిడ్ లేదా మాలగా. మాలగా నుంచి బస్సులో సుమారు రెండు గంటలు. మాడ్రిడ్ అయితే అతోచా స్టేషన్‌లో రైలు, మూడున్నర గంటల లోపే. విమానం దిగే వేళకీ రైలుకీ మధ్య కనీసం 4 గంటలు వదలండి, చవక రైలు టికెట్ పోతే డబ్బు వెనక్కి రాదు.

బస గ్రాన్ వియా వీధి, కొత్త కూడలి చుట్టుపక్కల తీసుకోండి. ఎదురు కొండ మీది అల్బైసిన్ పాతపేటలో గదుల ఫొటోలు ఊరిస్తాయి. దారుల నిండా గులకరాళ్లు నిలువుగా పాతారు, వాటి మీద 23 కిలోల ట్రాలీ లాగితే చక్రాలు ఊడతాయి, టాక్సీ అన్ని సందుల్లోకీ రాదు. కారు అద్దెకి వద్దు. పాతూళ్లో కెమెరాలు నంబరు చూసి జరిమానా వేస్తాయి.

రోజులు

చేరిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. దారో ఏటి పక్క వీధిలో నడిచి రండి చాలు. రెండో రోజు పొద్దున కోట, మధ్యాహ్నం నిద్ర, పొద్దుగూకే ముందు సీ31 బస్సులో అల్బైసిన్‌లోని సాన్ నికొలాస్ గట్టుకి. పొద్దున చూసిన కోట ఎదురుగా ఎర్రబడుతుంది, వెనక మంచుకొండలు. అక్కడ ఫోన్లు, పర్సులు జాగ్రత్త. మూడో రోజు రాజ సమాధి మందిరం. కొలంబస్‌ని పంపిన ఇసబెల్లా, ఫెర్డినాండ్ అక్కడే ఉన్నారు. పైన పాలరాతి ప్రతిమలు, కింద నేలమాళిగలో సాదా సీసపు పెట్టెలు. ఆనుకునే పెద్ద చర్చి ఉంది, ఆదివారం మధ్యాహ్నం తర్వాతే సందర్శకులకి తెరుస్తారు. ఆ చుట్టుపక్కల ఎవరైనా ఆకుకొమ్మ చేతిలో పెట్టబోతే చేతులు వెనక్కి పెట్టుకోండి. అది రోజ్‌మేరీ, పుచ్చుకున్నాక జాతకం చెప్పి యూరోలు అడుగుతారు. సాయంత్రం సాక్రోమోంతే పేట గుహల్లో ఫ్లామెంకో నాట్యం. నాలుగో రోజు ఓపికుంటే రైల్లో కోర్దోబా, 785లో మొదలుపెట్టిన మసీదు చూడటానికి. పెద్దవాళ్లు కూడా ఉంటే కోర్దోబా మానేసి విశ్రాంతి తీసుకోవడమే మేలు.

తిండి

భోజనం మధ్యాహ్నం 2 తర్వాత, రాత్రి 9 తర్వాత. మధ్యలో చాలా వంటిళ్లు మూతే. గ్రనాడాలో పానీయం కొంటే చిన్న పళ్లెంలో తినుబండారం ఉచితం, దాన్ని తాపా అంటారు. అడగకపోతే అందులో పంది మాంసం రావొచ్చు. ‘సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’ అని మూడూ చెప్పండి: మాంసం, చేప, ఎండు పంది మాంసం వద్దని. మాంసం ఒక్కటే వద్దంటే చేప తెస్తారు. ‘వెహెతాల్’ అని రాసున్న శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి తరచూ. ధైర్యంగా అడగదగ్గది ‘బెరెన్‌హేనాస్ కోన్ మియెల్’. వేయించిన వంకాయ మీద చెరకు పాకం, కరకరలాడుతుండగానే తినేయాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

ఇంటి నుంచి పట్టుకెళ్లేవాటిలో పాలపదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. మజ్జిగ మిరపకాయలు కూడా, వాటికి సంజాయిషీ ఎవరు చెబుతారు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. కొబ్బరికాయ, అరటిపండు మాత్రం ఆ పత్రం లేకుండానే వెళ్తాయి, ఉద్దానంవాళ్లు సంతోషించొచ్చు. పులిహోర పొడి, కందిపొడి, ఆవకాయ చెకిన్ సామానులో, రెండు కవర్లలో చుట్టి. ఆవకాయ చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది, నూనె ద్రవం కిందికే వస్తుంది.

కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని మిషన్ అడుగుతుంది. యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.