నోయర్ జాజ్‌ను ఎలా వినాలి?

వాన రాత్రి, తడిసిన రోడ్డు, నియాన్ వెలుగు, ఎక్కడినుంచో శాక్సఫోన్. పాత అమెరికన్ నేర చిత్రాలంటే చాలామందికి మనసులో మెదిలేది ఇదే. నిజానికి 1940లలో వచ్చిన నోయర్ చిత్రాల్లో, అంటే చీకటి నిండిన ఆ నేర చిత్రాల్లో, ఎక్కువ వాటికి పెద్ద ఆర్కెస్ట్రాలే నేపథ్యం. జాజ్ క్లబ్బు సన్నివేశాల్లో మాత్రమే తొంగిచూసేది. కథనంతా జాజే మోయడం 1950లలో ఊపందుకుంది. అందుకే 1957 నాటి పారిస్ నుంచి మొదలుపెట్టండి.

ముందుగా అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘అసాన్సర్ పూర్ లెషఫో’ వినండి. అదే పేరుతో ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ తీసిన చిత్రానికి చేసిన సంగీతమిది. ఆ డిసెంబరులో ఒక రాత్రి స్టూడియోలో తెర మీద సన్నివేశాలు చూస్తూ, కొద్దిపాటి సూచనలే ఆధారంగా, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. అరగంటలోపే అయిపోతుంది కాబట్టి మరో పని పెట్టుకోకండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. మంద్ర స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం డబుల్ బేస్ అందులో దాదాపు మాయమైపోతుంది. ఈ సంగీతానికి ప్రాణం అదే. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

రెండోసారి వినేటప్పుడు ట్రంపెట్‌ను వదిలేసి పియేర్ మిషెలో బేస్‌ను పట్టుకోండి. ‘విజిట్ ద్యు విజిల్’ అనే చిన్న ముక్కలో కెనీ క్లార్క్ డ్రమ్స్, ఈ బేస్ తప్ప మరేమీ లేవు. కావలివాడి గస్తీకి సంబంధించిన ఘట్టమది. తీగ మీద వేలి దెబ్బ, ఆ తరువాత వదిలిన ఖాళీ: భయం పుట్టేది ఆ ఖాళీలోనే.

ఇప్పుడు చిత్రం చూడండి. ప్రియుడి కోసం కథానాయిక ఝాన్ మొరో పారిస్ వీధుల్లో తిరిగే ఘట్టాన్ని దుకాణాల అద్దాల వెలుగులోనే తీశారు. ఆమె మనసులోని మాటలు కొన్ని వినిపిస్తాయి, మిగతాది ట్రంపెట్ చెబుతుంది. పాత రికార్డులో ఆ ధ్వనికి ప్రతిధ్వని కలిపారు. తరువాత వచ్చిన సీడీలో అది లేని టేకులూ ఉన్నాయి. రెండింటినీ వెంటవెంటనే వినండి. నాకు ప్రతిధ్వని లేనివే ఇష్టం. వాటిలో మనిషి ఊపిరి చాలా దగ్గరగా తెలుస్తుంది.

తరువాత జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 1959లో ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ చిత్రానికి చేసిన సంగీతానికి వెళ్లండి. అది కోర్టు కథ, పెద్ద బ్యాండు. మైల్స్ ఒంటరితనానికి అలవాటుపడిన చెవికి మొదట్లో సందడిగా అనిపించవచ్చు, ఓపిక పట్టండి. చిత్రంలో ఎలింగ్టన్ కాసేపు స్వయంగా కనిపిస్తారు కూడా.

ఆఖరున బేస్ వాద్యకారుడు చార్లీ హేడెన్ ‘క్వార్టెట్ వెస్ట్’ బృందం 1990ల ఆరంభంలో తెచ్చిన ‘హాంటెడ్ హార్ట్’. దీనికి ముందు రేమండ్ చాండ్లర్ రాసిన, లాస్ ఏంజిలిస్ డిటెక్టివ్ మార్లో నవల ఒకటి చదివితే మంచిది. హేడెన్ తలచుకుంటున్నది ఆ లాస్ ఏంజిలిస్ నగరాన్నే. ఆల్బమ్ ‘ది మాల్టీస్ ఫాల్కన్’ చిత్ర సంగీతంతో తెరుచుకుంటుంది. ఒక పాటలో బృందం వాయించడం ముగిశాక జాజ్ గాయని బిల్లీ హాలిడే పాత రికార్డు మొదలవుతుంది. పాట అయిపోయిందనుకొని ఆపేయకండి, హేడెన్ మనల్ని అంతదూరం తీసుకొచ్చింది ఆ గొంతు వినిపించడానికే.