అమ్మానాన్నలకు ఎవరెస్టు చూపించాలంటే: అనంతపురం వాళ్లకు మౌంటెన్ ఫ్లైట్ వివరాలు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు హిమాలయాలు చూపించాలంటే ఖాట్మండు మౌంటెన్ ఫ్లైట్‌ను మించింది లేదు. మా అమ్మను తీసుకెళ్లాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పగలను. పొద్దున్నే ఎక్కితే సుమారు గంటలో ఎవరెస్టు దగ్గరి దాకా తిప్పి, ఎక్కిన చోటే దింపుతారు.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లేవాళ్లలో 15 నుంచి 65 ఏళ్ల వయసువాళ్లకు ఆధార్ చాలదు; పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. కార్డులో పేరు ఎలా ఉందో టికెట్‌లోనూ అలాగే వేయించండి, మన ఇంటిపేర్లతో ఇదే పెద్ద టెన్షన్. అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయం సులువు. దేవనహళ్లి మన హైవే మీదే, సిటీలోకి పోకముందే వస్తుంది. అక్కడి నుంచి ఢిల్లీ మీదుగా ఖాట్మండు.

అక్టోబరు, నవంబరు నెలలు మేలు. వానాకాలంలో మాత్రం డబ్బు పెట్టొద్దు. ఖాట్మండులో దిగిన మర్నాడు పొద్దుటికే బుక్ చేసుకోండి, తిరుగు ప్రయాణం రోజుకు అస్సలు పెట్టుకోవద్దు. పొగమంచు పడితే గంటలకొద్దీ కూర్చోబెడతారు, ఒక్కోసారి రద్దే చేస్తారు. చేతిలో ఇంకో రోజుంటే మర్నాటికి మార్చుకోవచ్చు. అక్కడి టైము మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది, అలారం చూసి పెట్టుకోండి.

బుద్ధ ఎయిర్, యేతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 విమానాలు నడుపుతాయి. అందరికీ కిటికీ సీటే ఇస్తారు. అయినా కౌంటర్‌లో రెక్కకు వెనక సీట్లు అడగండి. రెక్క పక్కన కూర్చుంటే ఇంజను అడ్డమొస్తుంది. పోయేటప్పుడు కొండలు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు కనిపిస్తాయి కాబట్టి ఏ వైపు వచ్చినా దిగులు లేదు.

7,134 మీటర్ల గౌరీశంకర్ రాగానే పెద్దవాళ్లకు చూపించండి. పక్కపక్కనే రెండు శిఖరాలు, ఒకటి గౌరి, ఒకటి శంకరుడు. మా అమ్మ కిటికీ అద్దానికి నుదురు ఆనించి దండం పెట్టుకుంది, నేను ఫొటో సంగతే మర్చిపోయాను.

ఎవరెస్టును గుర్తుపట్టడమే కొంచెం కష్టం. 8,848.86 మీటర్లున్నా అది వెనక వరసలో ఉంటుంది. ముందు నుప్‌త్సే, లోత్సే శిఖరాలు కలిసి గోడలా అడ్డం నిలబడతాయి. ఆ గోడ మీదుగా నల్లటి రాతి త్రికోణం తొంగిచూస్తుంది, గాలి గట్టిగా ఉన్న రోజు దాని కొస నుంచి మంచు తెల్లగా పక్కకు లేస్తుంటుంది. అదే ఎవరెస్టు.

ఫొటోకు ముదురు రంగు బట్టలు వేసుకోండి, తెల్ల చొక్కా అద్దంలో పడుతుంది. ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ను అద్దానికి బాగా దగ్గరగా పెట్టి తీయండి.