వానల్లో కోనలు వద్దు, కోటలకు పోండి

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా కడపలో అందరిదీ ఒకటే ప్రశ్న. చెన్నైలో పనిచేసేవాళ్ళు, బెంగళూరులో చదివేవాళ్ళు ఊరికి చేరతారు, ఒక ఆదివారం ఏదైనా కొండెక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చేయాలి, జలపాతం ఉంటే ఇంకా మంచిది, ఎక్కడికి పోదాం అని అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే. సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా వంక, అంటే వాగు, దాటాల్సిన దారి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కోనలన్నీ జనవరికి పెట్టుకోండి, ఇప్పుడు కోటలకు పోండి.

ఎందుకంటే, కోన అంటేనే రెండు కొండల నడుమ నీళ్ళు కోసుకుంటూ పోయిన సందు. పైన పది కిలోమీటర్ల అవతల పడిన వాన అంతా ఆ సందులోకే దిగాలి, వేరే దారి లేదు. మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, వంక మాత్రం వచ్చేస్తుంది. కొత్తవాళ్ళకు ఇదే అర్థం కాదు, ఆకాశం చూసి వాన లేదులే అనుకుంటారు.

నాకు అర్థమైంది కూడా ఒకసారి ఇరుక్కున్నాకే. నేనూ మా బామ్మర్దీ అక్టోబరులో మా కడప దగ్గరి లంకమల కొండల వైపు ఒక కోనకు పోయాం. పొద్దున దాటినప్పుడు వంకలో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు తిరిగొస్తుంటే ముందు ఎండుటాకులు గుంపుగా కొట్టుకొచ్చాయి, వాటి మీద చీమలు ముద్దగా పట్టుకుని ఉన్నాయి. నీళ్ళు బెల్లం టీ రంగుకు తిరిగాయి. పచ్చి మట్టి వాసన. పరిగెత్తితే దాటేస్తాం అని మా బామ్మర్ది ప్యాంటు పైకి మడుస్తుంటే గట్టు మీద గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన కర్ర అడ్డం పెట్టి, "ఆగు నాయనా, యాడికి పోతావు, అది నవ్వుకుంటా వచ్చి మనిషిని ఎత్తుకపోతాది" అన్నాడు. పది నిమిషాల్లో నడుము లోతు, ఇంకాసేపటికి రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. రాత్రి ఎనిమిది దాటాక నీళ్ళు దిగితే గానీ ఇవతలికి రాలేకపోయాం. ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా గుండె జారుతుంది. అందుకే చెప్తున్నా, నీళ్ళ రంగు మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా వచ్చినా, ఎగువ నుంచి గరగరమని శబ్దం వినపడినా ఆ క్షణమే గట్టెక్కండి. బ్యాగు అవతల ఉండిపోయినా సరే, ఫోను ఉండిపోయినా సరే. మోకాలు దాటిన ప్రవాహంలో ఎంత బలమైనవాడికైనా కాలు నిలవదు. తాడు పట్టుకుని దాటే సాహసాలు అసలే వద్దు.

రాయలసీమలో వాన ఎక్కడిదిలే అని తీసిపారేసేవాళ్ళకు రెండు సంగతులు గుర్తు చేస్తాను. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట, నందలూరు వైపు పల్లెల్ని ఊడ్చుకుపోయింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలకు కాలనీలు మునిగాయి, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా అది. మన దగ్గర వాన తక్కువే, కానీ పడితే ఒక్క రాత్రిలో పడుతుంది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరకు పోయే దారి కూడా ఈ లెక్కలోదే, భవనాశి వాగు పక్కనే నడక, వాన తర్వాత బండరాళ్ళకు పాచి. ముసురు పట్టిన వారంలో దిగువ ఆలయం చూసుకుని వెనక్కి వచ్చేయండి. స్వామి ఎక్కడికీ పోడు.

మరి కోటల్లో ఏవి? గండికోట ఎక్కే పనే లేని చోటు, బండి కోట దాకా పోతుంది, పెన్నా లోయ అంచున నిలబడి చూడడమే. అక్కడ ప్రమాదమంతా ఆ అంచుదే. లోయ వైపు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, కొన్ని కదులుతాయి, తడిసినప్పుడు నున్నగా జారుతాయి, రెయిలింగు లేని చోటే ఫోటో బాగా వస్తుందని జనం అక్కడికే పోతారు. అంచుకు రెండు బారల దూరంలో కూర్చుని చూసినా ఎర్రరాతి లోయ అంతే అందంగా కనిపిస్తుంది. వెనక్కి నడుస్తూ ఫోటో తీయొద్దు, తీయించుకోవద్దు. కింద నీళ్ళ దాకా దిగుదాం అనేవాళ్ళ మాట వినొద్దు.

నిజంగా కాళ్ళకు పని చెప్పాలంటే అనంతపురం జిల్లా గుత్తి కోట. పదిహేను వాకిళ్ళు దాటుకుంటూ పైకి పోతాం, పైన అంచున ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది, అక్కడి నుంచి చుట్టూ మైదానమంతా పరుచుకుని కనిపిస్తుంది. పెనుకొండ కూడా మంచిదే, 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు కొలువు తెచ్చుకున్న ఊరు, కొండ మీద నరసింహస్వామి గుడి దాకా ఎక్కొచ్చు. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు ఉంటే కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాతివనం చాలు, ఇంటిల్లిపాదీ తిరిగి రావచ్చు.

కోటలు అన్నాను కదా అని మధ్యాహ్నం ఎక్కకండి. ఈ నెలల్లో పొద్దున ఎండ, మూడింటికి ఉరుము. బోడి కొండ మీద అందరికంటే ఎత్తుగా ఉండేది మీరే. ఆరింటికి ఎక్కడం మొదలుపెట్టి పదకొండు కల్లా కిందికి రండి. దామిని యాప్ ఫోన్లో వేసుకోండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెప్తుంది. యాప్ ఏం చెప్పినా చెవికి ఉరుము వినపడిందంటే దిగడమే, కొసాకి ఇంకో పది మెట్లే ఉన్నా సరే. ఒంటరి చెట్టు కిందకు, కూలిన బురుజు పక్కకు చేరొద్దు, వానకు నానిన పాత గోడ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. గుంపుగా ఉంటే ఒకరికొకరు దూరంగా జరగండి.

తేనెటీగల సంగతి చాలామంది మర్చిపోతారు. కోట గోడల కింద, లోయ అంచు రాళ్ళకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. అక్కడ పొగ పెట్టడం, రాయి విసరడం, డ్రోను ఎగరేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సెంటు కొట్టుకుని పోకండి. లేచాయంటే చేతులు ఊపకుండా మొహం కప్పుకుని పరుగెత్తడమే మార్గం, కానీ అంచు వైపు కాదు.

నీళ్ళు ఒక్కొక్కరికి మూడు లీటర్లు, ఎవరివి వాళ్ళు మోయాలి. కోటలో కోనేరు నిండుగా కనిపించినా గొంతులో పోసుకోవద్దు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో అంతటివాడు 1827 జులైలో మన పత్తికొండలోనే, చెడ్డ నీళ్ళతో వచ్చే కలరాతో పోయాడు. ఇంకోటి, ఎక్కే ముందు ఉగ్గాని బజ్జీ వద్దు. నాకూ ప్రాణమే, కానీ ఆ మిరపకాయ బజ్జీ తిని ఎండలో ఎక్కితే దాహం ఆగదు, సగం నీళ్ళు మొదటి మలుపులోనే అయిపోతాయి. దిగొచ్చాక తినండి. పైకి పెరుగన్నం, చెనక్కాయల ఉండలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు.

వానలకు గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, రక్తపింజరి అందులోనే ఉంటుంది. బూట్లు, మందం ప్యాంటు, చేతిలో కర్ర. చెయ్యి పెట్టే రాయి వెనక చూసి మరీ పెట్టండి. కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చేయొద్దు, ఉంగరాలు, వాచీ తీసేసి ఆ కాలు కదలనీయకుండా మోసుకుని దించండి, 108కి ఫోన్ చేసి విషానికి మందు ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా పోండి. మంత్రం వేసేవాళ్ళ దగ్గర ఒక గంట పోతే ఆ గంట తిరిగిరాదు.

అడవి మాటకొస్తే, లంకమల, పాలకొండ, శేషాచలం వైపు అంతా ఎర్రచందనం ఉన్న నేల, అనుమతి లేకుండా అడుగు పెడితే దొంగలనుకుంటారు. జంతువులూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు తలకోనకు అడవిలో నడిచిపోతున్న మన భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. ఫారెస్టువాళ్ళు వద్దంటే వాదించకుండా తిరిగొచ్చేయండి.

చెన్నై నుంచి వచ్చేవాళ్ళకు ఒక మాట. కడప మీకు 250 కిలోమీటర్ల పైనే. శనివారం ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రంతా బండి నడిపి, కళ్ళు మండుతుండగా కొండెక్కి, మళ్ళీ అదే రోజు డ్రైవింగు అంటే కొండ కంటే రోడ్డే భయం. రైలెక్కి రండి, ఒక రాత్రి మన ఇళ్ళల్లో పడుకోండి, పొద్దున్నే తీసుకుపోతాం.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఏ కొండ, ఎవరెవరు, బండి నంబరు, ఎన్నింటికి దిగుతారు అని రాసి ఇంట్లో ఇవ్వండి, సిగ్నలు పైన ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మేమైతే బండి పెట్టిన ఊళ్ళో టీ అంగడి ఆయనకు కూడా చెప్పి, ఆయన నంబరు ఆ కాగితం కింద రాయించి పోతాం. మధ్యాహ్నం ఒంటిగంట దాకా మా నుంచి ఫోన్ రాకపోతే మా ఇంట్లోవాళ్ళు ముందు ఆయనకే చేస్తారు, ఆ తర్వాత 112కి.