యేసు జీవితాన్ని సొంతంగా చదివి అర్థం చేసుకోవడం ఎలా

యేసు జీవితాన్ని చెప్పే సువార్తలు బైబిల్లో నాలుగు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. ముందు మార్కు సువార్త చదవండి. 16 అధ్యాయాలే, రెండు గంటల్లో ఒకే విడతలో పూర్తవుతుంది. నోట్సులో పేజీకి రెండు గళ్లు గీయండి: ఒకదానిలో వచనం చెప్పింది, రెండోదానిలో మీకు తోచింది. ఈ రెండూ కలిసిపోతేనే తప్పు జరుగుతుంది. ఉదాహరణకు, పుట్టిన యేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు. కానుకలు మూడు, అంతే. యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టె లూకాలోది, జ్ఞానులు మత్తయిలోవారు.

తర్వాత ఒకే ఘట్టాన్ని నాలుగు సువార్తల్లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. సిలువ మీది చివరి మాటలతో మొదలుపెట్టడం మంచిది. మార్కు 15వ అధ్యాయంలో ‘నా దేవా, నన్నెందుకు విడిచావు’ అనే కేక, లూకా 23లో తండ్రికి ఆత్మను అప్పగించడం, యోహాను 19లో ‘సమాప్తమైనది’. తొందరపడి మూడింటినీ ఒకటిగా కలిపేయకండి. ఒక్కో రచయిత ఏ యేసును చూపుతున్నాడో ఆ తేడాలోనే తెలుస్తుంది. మార్కులోని కేక బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 22వ కీర్తన మొదటి వాక్యం. ఆ కీర్తన చివరిదాకా చదవండి, అది నిరాశతో ముగియదు. ఆ కేకను నిస్పృహగా తీసుకోవాలా, ప్రార్థనగానా? రెండో గడిలో మీ కారణంతో సహా రాయండి.

ఒక్క వచనం మీదే నిలబడిన అభిప్రాయానికి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.