పాము చర్మం పాడైందా? ముందు పెట్టెను చూడండి

పెంపుడు పాము ఒంటిపై మచ్చ కనిపించగానే మందు కోసం వెతుకుతాం. అంతకంటే ముందు అది ఉండే పెట్టెను చూడండి. తేమ, వేడి, శుభ్రత: చాలా సార్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. అది సరిచేయకుండా ఎన్ని మందులు రాసినా సమస్య తిరిగి వస్తుంది.

కుబుసం ముక్కలుగా ఊడుతోంది

కళ్లు నీలంగా మసకబారి చర్మం వెలవెలబోతే కంగారు పడకండి. అది కుబుసం విడిచే ముందు సహజంగా కనిపించేదే. కొన్ని రోజులకు కళ్లు తేటపడతాయి, తరువాత కుబుసం వస్తుంది. ఈలోపు పామును చేతిలోకి తీసుకోకండి. చూపు సరిగా ఆనక బెదిరిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసాన్ని మూతి నుంచి తోక దాకా సాధారణంగా ఒకే ముక్కగా విడుస్తుంది. చీలికలు పేలికలుగా వస్తుంటే గాలిలో తేమ చాలడం లేదనో, ఒళ్లు రాసుకోవడానికి గరుకైన కొమ్మ లేదనో అనుమానించాలి. గాలి ఆడే మూత ఉన్న డబ్బాలో ఒంటి మందంలో సగం లోతుకు 28-30 డిగ్రీల నీళ్లు పోసి, పామును అందులో 20 నిమిషాలు ఉంచండి. పక్కనే ఉండి కనిపెట్టుకోండి. ఆ తరువాత తడి తువ్వాలు మడతల్లోంచి పాకనిస్తే పాత చర్మం దానంతటదే జారుతుంది. గోటితో పీకవద్దు.

రెండు చోట్లు తప్పకుండా చూడాలి. తోక చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం అందక ఆ కొన నల్లబడి రాలిపోతుంది. ఇక కళ్లు. విడిచిన కుబుసం తల భాగాన్ని వెలుతురుకు ఎత్తి పట్టండి. గుండ్రటి పారదర్శక పొరలు రెండు కనిపించాలి. లేకపోతే అవి కంటి మీదే ఉండిపోయినట్లు. పట్టకారుతో లాగితే కన్నే పోవచ్చు. తేమ పెంచి తరువాతి కుబుసం దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే వైద్యుడికే వదిలేయండి.

ఎప్పుడూ నీళ్ల గిన్నెలోనే ఉంటోంది

కళ్ల చుట్టూ, గవద కింద మిరియాల పొడి లాంటి చుక్కలు కదులుతున్నాయా? అవి మైట్లు, రక్తం పీల్చే పురుగులు. వాటి బాధ తట్టుకోలేకే పాము నీళ్లలో మునిగి ఉంటుంది. తడిపిన తెల్ల కాగితంతో ఒళ్లు తుడిస్తే బయటపడతాయి. గుడ్లు పాము మీద కాదు, పెట్టె సందుల్లో పెడతాయి. అందుకే పామును మాత్రమే కడిగితే లాభం లేదు. అడుగున పరిచినదంతా పారేసి, పెట్టెను సందు సందునా కడిగి, కొన్ని వారాల పాటు తెల్ల కాగితమే పరచండి. పురుగుల మందు సరీసృపాల వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి, ఎక్కువైతే పామే చనిపోతుంది.

పొట్ట పొలుసులు ఎర్రబడ్డాయి, బొబ్బలు లేచాయి

పాముకు కావలసిన తేమ గాలిలో ఉండాలి, పడుకునే చోట కాదు. మురికిగా, తడిగా ఉన్న నేల మీద రోజుల తరబడి ఉంటే పొలుసులు కుళ్లుతాయి. వెంటనే పొడి కాగితంపైకి మార్చి రోజూ కాగితం మార్చండి. బొబ్బలు చిదపకండి. చీము, వాపు కనిపించినా, తిండి మానేసినా ఆ రోజే వైద్యుడికి చూపించండి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం దక్కడం కష్టం.

ఒకే చోట గోధుమ రంగు మచ్చ

కాలిన గాయం కావచ్చు. పాము పొట్ట కాలుతున్నా పక్కకు జరగకపోవచ్చు. గాయాన్ని వైద్యుడికి చూపించండి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేని హీటరు పెట్టెలో ఉంటే ఇప్పుడే తీసేయండి.