పెళ్ళి ఫోటోగ్రాఫర్ తన ఏడాది లక్ష్యాలను నిర్ణయించుకోవడం ఎలా?

సొంతంగా పెళ్ళి ఫోటోగ్రఫీ చేసుకునేవారిలో చాలామంది ఏడాది లక్ష్యమంటే ఇన్ని లక్షలు సంపాదించాలని, ఫలానా కెమెరా కొనాలని రాసుకుంటారు. వాటిని చేరే దారి మాత్రం ఆ కాగితం మీద ఉండదు. ఈ వృత్తిలో ఏడాదిని నిర్ణయించేవి రెండే: ముహూర్తాలున్న తేదీలు ఎన్ని, ఒప్పుకున్న పనిని ఆల్బమ్ చేతికిచ్చి బ్యాలెన్స్ వసూలు చేసుకునేదాకా ముగించడానికి పట్టే రోజులు ఎన్ని. ఏ లక్ష్యాన్నైనా ఈ రెండు లెక్కల మీదే కట్టుకోవాలి.

ఇందుకు జనవరి ఒకటో తేదీ కన్నా మార్చి నెలాఖరు అనువైనది. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చేస్తుంది, మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిసి పాత లెక్కలూ తేలతాయి. పంచాంగం ముందు పెట్టుకుని ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులను క్యాలెండర్‌లో కొట్టివేయండి. ఏ రెండు సంవత్సరాలూ ఒకేలా ఉండవు. 2024లో గురు, శుక్ర మూఢాల వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా పోయాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చింది. వేసవి సీజన్‌నే నమ్ముకున్నవారికి ఇలాంటి సంవత్సరం కష్టంగా గడుస్తుంది, కానీ ఇవన్నీ నెలల ముందే తెలిసే సంగతులు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పెళ్ళిళ్ళకు పంచాంగంతో పని లేదు కనుక, ఆ కుటుంబాల్లో మంచి పేరు తెచ్చుకోవడం కూడా ఒక లక్ష్యంగా పెట్టుకోదగినదే.

తరువాత నిరుటి డైరీ తెరిచి, చేసిన ప్రతి పనికీ ఎంతకు ఒప్పుకున్నారో, చేతి నుంచి ఎంత ఖర్చయిందో, షూటింగుతో పాటు ఎడిటింగ్, డిజైనింగులకు కలిపి ఎన్ని రోజులు పట్టిందో రాయండి. ఉదాహరణకు ఒక పెళ్ళి 60,000 రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. పోజులు లేకుండా సహజంగా తీసే క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌కు, వీడియోగ్రాఫర్‌కు కలిపి 18,000, ఆల్బమ్ ప్రింటింగుకు 12,000, ప్రయాణాలకు 4,000 పోతే మిగిలేది 26,000. షూటింగ్ రెండు రోజులు, ఆ తరువాతి పని ఆరు రోజులు అయితే రోజుకు దక్కింది 3,250 మాత్రమే. అదే ఒక నగల దుకాణానికి 8,000 రూపాయలకు రెండు రోజుల్లో తీసి ఇచ్చిన ఫోటోలు రోజుకు 4,000 తెచ్చిపెట్టాయి. పెద్ద మొత్తానికి ఒప్పుకున్న పనే మంచి పని అనే భ్రమ ఈ లెక్కతో తొలగిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పినవాటిలో ఒక్కటి మాత్రమే చేసే ఓపిక ఉంటే, ఈ లెక్క వేయడం ఒక్కటైనా చేయండి.

ఇప్పుడు ఆదాయ లక్ష్యానికి రావచ్చు. ఇంటి ఖర్చు నెలకు 35,000 చొప్పున 4,20,000, షాపు అద్దె, కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్లకు నెలకు 15,000 చొప్పున 1,80,000, పాతబడే సామగ్రి స్థానంలో కొత్తది కొనడానికి లక్ష పక్కన పెడితే మొత్తం ఏడు లక్షలు. పెళ్ళికి 26,000 మిగిలేటప్పుడు ఇందుకు 27 పెళ్ళిళ్ళు కావాలి. అయితే మంచి ముహూర్తం ఉన్న రోజున ఊరంతా పెళ్ళిళ్ళే ఉన్నా మనం చేయగలిగేది ఒక్కటే. డైరీ ప్రకారం 18కి మించి కుదరవని తేలితే 2,32,000 రూపాయల లోటు కనబడుతుంది. ఆ లోటును రేటు కొంత పెంచి పూడ్చాలా, లేక దుకాణాల ప్రొడక్ట్ ఫోటోలు, హోటళ్ళ మెనూ ఫోటోలు, బడుల వార్షికోత్సవాలు, పసిపిల్లల ఫోటోల వంటి ముహూర్తంతో నిమిత్తం లేని పనులతో పూడ్చాలా అన్నదే ఈ ఏడాదికి అసలైన లక్ష్యం. మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుందనీ, ఆ పరిమితికి చూసేది మిగులు కాదు, మొత్తం రాబడి అనీ గుర్తుంచుకోండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన లక్ష్యం పని ముగించడం. ఆల్బమ్‌లో పెట్టాల్సిన ఫోటోలను ఎంచి సెలక్షన్ ఇవ్వకుండా పెళ్ళివారు నెలల తరబడి ఊరుకుంటారు, ఆల్బమ్ ఆగిపోతుంది, దానితో పాటు మన బ్యాలెన్సూ ఆగిపోతుంది, చివరికి ఆలస్యం చేశాడన్న మాట ఫోటోగ్రాఫర్‌కే వస్తుంది. అందుకే ఫోటోలు అందిన 30 రోజుల్లో సెలక్షన్ ఇవ్వాలని, బుకింగ్ నాడు కొంత, పెళ్ళినాడు ఎక్కువ భాగం, ఆల్బమ్ ప్రింటుకు వెళ్ళేముందు మిగతాది చెల్లించాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడాన్ని ఈ ఏడాది నుంచి అలవాటు చేసుకోండి. తెలిసినవాళ్ళతో కాగితం ఏమిటని మొహమాటపడవద్దు. మాట పట్టింపులు ఎక్కువగా వచ్చేది తెలిసినవాళ్ళతోనే. ఆ ఒప్పందంలోనే ఫోటోలను మన ప్రచారానికి వాడుకునే అనుమతి కూడా తీసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు తీయించుకున్నవారిదే.

సామగ్రి విషయంలో మోజుకు చోటివ్వకండి. నికాన్ డీ850, సోనీ ఏ7 త్రీ వంటి కెమెరాల షట్టర్‌ను తయారీదారులు 2,00,000 క్లిక్కులకు పరీక్షిస్తారు. మీ కెమెరా షట్టర్ లెక్క ఎంతకు వచ్చిందో చూసుకుని, అది ఆ సంఖ్యకు దగ్గరపడినప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి. దానికన్నా ముందు ప్రతి పెళ్ళి ఫోటోలూ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు చోట్ల ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మంగళసూత్రధారణను మళ్ళీ తీయలేం.

నేర్చుకోవడానికి ఏడాదికి ఒక్క విషయం చాలు. డ్రోన్ నేర్చుకోదలిస్తే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరవేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి కనుక, ఆ శిక్షణకు అయ్యే ఖర్చునూ రోజులనూ కూడా లెక్కలో చేర్చండి.

ఆషాఢంలో ఒకసారి, పుష్యంలో ఒకసారి ఈ కాగితాన్ని బయటకు తీయండి. ముందుగా చేతిలో ఆగిపోయిన ఆల్బమ్‌ల పేర్లు రాసి, ఆ కుటుంబాలకు ఫోన్ చేయండి. తరువాత శ్రావణం, కార్తీకం, మాఘం బుకింగులు అనుకున్న సంఖ్యకు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. తక్కువగా ఉంటే కంగారుపడి రేటు తగ్గించకండి, తగ్గించిన రేటు ఆ ఊళ్ళో మీ రేటుగా మిగిలిపోతుంది. ఆ ఖాళీ రోజులను దుకాణాల పనులకు కేటాయించి, ఎవరిని ఏ వారం కలవాలో అక్కడే రాసుకోండి.